ఎజ్రా సారు కట్టిన ఎర్రదారాలు

నంద్యాలలో మా వీధి చిక్కుడు పందిళ్లకు పురుగు కన్నా ఎజ్రా సారు భయమే ఎక్కువ. లేత కాయ కనిపిస్తే చాలు, తొడిమకు ఎర్రదారం కట్టేవాడు. కట్టాడంటే ఆ కాయ మన కూరకు రానట్టే.

సైన్సు చెప్పి రిటైరైన మనిషి. కాయలో ఒక గింజను సూదితో పొడిచేవాడు. కొన్నాళ్లకు అక్కడ కాయ నొక్కుకుపోయేది, మిగతాది బలిసేది.

"చూస్తివా అక్కా! పెరగమనే మందు గింజే చేసి కాయకు పంపిస్తాది."

నేను చదివింది ఐదే. అడక్కుండా మాత్రం ఉండలేను. "దేంతో చేస్తాది సారూ?"

"ట్రిప్టోఫాన్ అని ఒకటుంటాది. దాన్ని మార్చి మార్చి ఆక్సిన్ అనే ఆ మందు చేసుకుంటాది."

"ఇంత గింజలో పొయ్యి యాడ పెట్టుకుంటాది?"

ఆ ప్రశ్నకు జవాబు రెండు గంటలు సాగింది. పొయ్యి మీద నా పప్పు మాడింది.

భర్త సాల్మన్ రాజు పోయాక పక్కింటి ఎస్తేరు తలుపేసుకుంది. తిండి లేదు, చర్చి లేదు, మేం పిలిస్తే పలుకు లేదు. సారు పోయి ఆమె పందిరికీ ఏడు దారాలు కట్టాడు.

"ఎస్తేరమ్మా, నా కండ్లకు స్కేలు గీతలు కనపడ్డం ల్యా. రోజూ పొద్దున కొలిచి చెప్పాల."

"చావింట్లో కాయల కొలతలేంది సారూ? సిగ్గుల్యా?" అని తిట్టాను.

పీడ వదుల్తుందని ఎస్తేరు బయటికొచ్చి కొలిచింది. మర్నాడూ కొలిచింది. నెల తిరిగేసరికి వీధి మధ్యలో నిలబడి కొట్లాట: "నువ్వు పొడిచిన గింజ సావల్యా సారూ! కాయ రెండు గీతలు పెరిగింది!" ఆ పూట మా ఇంట్లో రెండు ముద్దలు సంగటి తినింది.

ఒకరోజు సారు ఇంటి కిటికీలోంచి తొంగిచూశాను. కళ్లద్దాల్లేకుండా, ఒక్క దెబ్బకే సూదిలో దారం ఎక్కించాడు!

"కండ్లు కనపడవంటివే?"

"అరవద్దక్కా. స్కేలొకటే కనపడదు."

పోయినేడు ఆయన భార్య పోయింది. సారు ఆళ్లగడ్డలో కూతురు ప్రియదర్శిని ఇంటికి చేరి, ఎవరితోనూ మాట్లాడటం లేదట. నేనూ ఎస్తేరూ చిక్కుడు పాదును కుండీలో పెట్టుకుని బస్సెక్కాం. దాన్ని ఆయన ముందు పెట్టి, ఎర్రదారం ఉండ చేతికిచ్చాను.

"సారూ, మా కండ్లకు స్కేలు కనపడ్డం ల్యా. కాయలు కాసినాక, రోజూ కొలిచి ఫోన్ చెయ్యాల."

"ఇద్దరికీనా?" అన్నాడు.

"వీధికంతా."

ఈ పొద్దున ఆరింటికే ఫోన్ మోగింది. హలో కూడా లేదు.

"అక్కా! మా ప్రియదర్శిని దారం కట్టిన కాయనే కూరలో యేసింది!"