జవాబు చెప్పకుండా వెళ్ళిపోయిన గురువు

ఆచార్య హుసేన్ పీరా గారు కన్నుమూశారని నాకు ఎవరూ ఫోను చేసి చెప్పలేదు. పూర్వ విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో చూసి తెలుసుకున్నాను. అప్పటికే గ్రూపు నిండా దండం పెట్టే చేతుల బొమ్మలు. డోన్ నుంచి బయలుదేరి కల్లూరులో ఆయన ఇంటికి చేరేసరికి ఖననం కూడా ముగిసింది. ఆయన దగ్గర పరిశోధన చేసినవాళ్ళలో ఆ ఇంటికి అందరికంటే దగ్గర్లో ఉన్నవాణ్ణి నేనే. అయినా నాకు కబురు రాలేదన్న సంగతి నేను మరిచిపోను.

ఈ సంస్మరణ వ్యాసం అడిగిన మిత్రుడు, "మంచి మాటలే రాయప్పా, పెద్దాయన పోయినాడు" అన్నాడు. మంచి మాటలు చాలా ఉన్నాయి. వాటితోనే మొదలుపెడతాను.

సారు రాయచోటిలో దర్జీల కుటుంబంలో పుట్టారు. విశ్వవిద్యాలయంలో మాకు ధ్వనిశాస్త్రం, మనోభాషాశాస్త్రం చెప్పేవారు. మాట నోట్లో ఎలా పుడుతుంది, పుట్టకముందు మనసులో ఎలా మెదులుతుంది అన్న ఆలోచన తప్ప ఆయనకు వేరే వ్యాపకం లేదు. మా ప్రయోగశాల ఒకప్పుడు పాత బల్లలు పడేసిన గది. బయటి చప్పుడు లోపలికి రాకుండా కిటికీలకు తమ ఇంటి బొంతలు తెచ్చి కట్టారు. రికార్డింగు మొదలుపెట్టే ముందు ఫ్యాను ఆపించేవారు. అదీ మే నెలలో, మా సీమ ఎండల్లో. "సార్, సచ్చిపోతాండాం" అని ఎవరైనా మొత్తుకుంటే, "సచ్చేముందు ఆ మాటే మైకులో ఇంగోసారి చెప్పు బేటా, శానా బాగుండాది" అనేవారు.

మాది ఆదోని వైపు పల్లె. మొదటి రోజు నన్ను మైకు ముందు కూర్చోబెడితే, వార్తలు చదివినట్టు మాట్లాడాను. సారు యంత్రం ఆపేశారు.

"ఎవరిదప్పా ఈ గొంతు? బాడుగకు తెచ్చుకున్యావా? మీ అవ్వతో ఇట్లనే మాట్లాడతావా?"

"లేదు సార్."

"నేనే మీ అవ్వ అనుకో. అన్నం అడుగు."

"అవ్వా, ఆకలైతాండాది, ఏమన్నా పెట్టవ్వా" అన్నాను. గదిలో అందరూ పగలబడి నవ్వారు. సారు నవ్వలేదు. "నవ్వేటోళ్ళు బయటికి పోండి. ఇట్లాంటి గొంతు దొరకల్లంటే ఊర్లు తిరగల్ల" అన్నారు. అప్పటిదాకా తల వంచుకుని తిరిగినవాణ్ణి ఆ రోజు తలెత్తి హాస్టలుకు నడిచాను. "ఎవరి ముందరైనా సరే, నీ మాట దిద్దుకోవద్దు" అని ఆ తర్వాత ఎన్నోసార్లు చెప్పారు. నేను నమ్మాను. పరిశోధన చేసిన అన్నేళ్ళూ నమ్మాను.

తర్వాత ఒక కళాశాలలో అధ్యాపక ఉద్యోగానికి ఇంటర్వ్యూ వచ్చింది. ఎంపిక చేసేవాళ్ళలో సారు కూడా ఉన్నారని తెలిసి సంతోషంగా వెళ్ళాను. మొదటి పాఠం ఎలా మొదలుపెడతావని అడిగారు. ఆయన చెప్పినట్టే, నా మాటలోనే, జవాబు చెప్పాను. సారు పక్కన కూర్చున్న ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. సారు తల ఎత్తకుండా, "విషయ పరిజ్ఞానం ఉంది. ఈ ఉచ్చారణ మాత్రం తరగతి గదికి పనికిరాదు" అన్నారు. నా ఎదుటే అన్నారు. ఉద్యోగం ఇంకొకరికి వెళ్ళింది.

వరండాలో ఆయన్ను పట్టుకున్నాను. "మీరే గదా సార్, దిద్దుకోవద్దనింది?"

"అది పరిశోధనకు బేటా. ఉద్యోగానికి గాదు."

స్కూటరెక్కి వెళ్ళిపోయారు. ఆ ఎంపిక మీద నేను పెట్టని అర్జీ లేదు, తిరగని ఆఫీసు లేదు. ఏ అర్జీలోనూ ఆయన పేరు మాత్రం రాయలేదు.

ఇంతకంటే బాధపెట్టింది ఇంకొకటుంది. ఒకసారి కల్లూరు షేరాటోలో, "ఆపప్పా, ఈడనే దిగల్ల" అన్నాను. పక్కనున్న అమ్మాయి చటుక్కున నా వైపు తిరిగింది. "అన్నా, మా సారు క్లాసులో వినిపిచ్చే గొంతు మీదే గదా? అవ్వా, ఆకలైతాండాది!" ఆటో అంతా నవ్వింది. ఆమె గౌరవంగానే అంది. సీమ మాటకు మంచి నమూనా అని సారు ప్రతి ఏడూ నా రికార్డింగు వినిపిస్తున్నారట. నా గొంతు ఏటేటా తరగతి గదికి వెళ్ళింది. నేను డోన్‌లో ట్యూషన్లు చెప్పుకుంటున్నాను.

సారుకు పక్షవాతం వచ్చి మాట పడిపోయిందని తెలిసి చూడటానికి వెళ్ళాను. పరామర్శకని అబద్ధం రాయను. అడగడానికే వెళ్ళాను. ఆయన భార్య నన్ను మంచం పక్కన కూర్చోబెట్టారు.

"సార్, ఆ పొద్దు అట్ల ఎందుకన్నారు?"

ఆయనకు అర్థమైంది. కళ్ళల్లో తెలిసింది. "నీ... నీ..." అని ఆగిపోయారు. పెదవులు కదులుతున్నాయి, మాట రావడం లేదు. ఇలాంటివాళ్ళకు మనం మాట అందించకూడదని, ఎంతసేపైనా ఆగాలని మాకు నేర్పింది ఆయనే. ఆగాను. ఆయన భార్య ఆగలేకపోయారు.

"తప్పైపోయింది అంటాండాడు నాయనా. అంతే గదా, చెప్పండి?"

సారు తల అడ్డంగా ఊపారు.

తప్పు చేయలేదన్నారా? చెప్పాలనుకున్నది వేరే ఉందన్నారా? ఈ జబ్బులో అవుననీ కాదనీ తారుమారవుతాయి, ఒక్క తల ఊపును సాక్ష్యంగా తీసుకోకూడదు, ఇంకో రోజు వెళ్ళి మళ్ళీ అడగాలి. ఇదీ ఆయన పాఠమే. మళ్ళీ వెళ్ళాలనుకున్నాను. ఆ వారంలోనే ఆయన పోయారు.

మనిషి గొంతును అంత శ్రద్ధగా విన్నవారు మా సీమలో మళ్ళీ పుడతారని నేననుకోను. ఆయన చెప్పిన చదువుకు చేతులెత్తి నమస్కరిస్తున్నాను. ఆయన నన్ను క్షమాపణ అడిగారని గానీ, నేను క్షమించానని గానీ దయచేసి ఎవరూ రాయవద్దు, ఏ సభలోనూ చెప్పవద్దు. ఆ రోజు ఆయన ఏం చెప్పబోయారో నాకు తెలియదు. చెప్పగలిగిన ఒక్క మనిషీ ఇప్పుడు లేరు.