కొంగు కింద భుజాలు

దబీర్‌పురా స్టేషన్‌లో రైలు కోసం కూర్చుని ఉన్నాను. బెంచీ పక్కన ఒక పిల్ల చెవుల్లో పాట పెట్టుకుని భుజాలు ముందుకూ వెనక్కూ ఆడిస్తోంది. తల కదలదు, నడుమూ కదలదు.

"ఏంది బిడ్డా, భుజం పట్టేసిందా?" అని అడిగాను.

ఆ పిల్ల పకపకా నవ్వింది. "కాదమ్మా, జాజ్ డ్యాన్స్ నేర్చుకుంటున్న. దీన్ని ఐసోలేషన్ అంటరు. ఒక్క భుజాలే ఆడాలె, మిగతా ఒళ్లు సప్పుడు చెయ్యక ఉండాలె. మోకాళ్లు జర వంచితే అది ప్లియే. గట్లయితే ఒళ్లు బిగుసుకోదు."

"మర్ఫా డప్పు కొడితే కాలి నుంచి కొప్పు దాక ఆడేదాన్ని. ఎల్లుండి మా ఆడబిడ్డ కొడుకు పెండ్లి. మొగుడు పోయినామె బారాత్‌ల ఆడితే మా ఇంట్ల లొల్లి బిడ్డా."

ఆ పిల్ల నన్ను ఎగాదిగా చూసింది. నా కొంగు తీసి రెండు భుజాల మీదుగా కప్పింది.

"లోపల ఆడు. ఎవరికి కనబడ్తది?"

రైలు వచ్చేదాకా నిలబడి నేర్చుకున్నాను. భుజంతోపాటు తలా ఊగుతుంటే, నా గదవ పట్టుకుని ఆపింది.

బారాత్‌లో మర్ఫా మోగింది. అందరి వెనక నిలబడి, మోకాళ్లు కొంచెం వంచి, కొంగు కింద భుజాలు వదిలాను. నాలాగే మొగుణ్ణి పోగొట్టుకున్న మా తోటికోడలు పక్కనే ఉంది.

"ఏందక్కా, వణుకుతున్నవ్? చలి పెడ్తుందా?"

"అవ్, మస్తు చలి."

నడి ఎండాకాలం. ఆమె కాసేపు నా భుజాల వంకే చూసి, తానూ కొంగు నిండా కప్పుకుంది.