నాలుగు జీబీ దాటిన ప్రార్థన

గుడివాడలో పెళ్ళి వీడియోలు మిక్సింగ్ చేసే స్టూడియోలో నేను పనిచేసిన రోజుల్లో అక్కడ ఒకటే శాసనం: కంప్యూటర్‌లో వీడియోలు దాచే డి డ్రైవ్‌ని మార్చే జోలికి వెళ్ళకూడదు. ఓనరు గారు ప్రతి దసరాకీ కంప్యూటర్‌కి పసుపు రాసి బొట్టు పెట్టేవారు. ఓసారి కుంకుమ ఫ్లాపీ పెట్టే సందులోకి పోయి ఆ ఫ్లాపీ డ్రైవ్ మూలపడింది కూడా. ఆయనకి భక్తి ఉంది గానీ, ఆ డబ్బాలో ఏం జరుగుతుందో తెలుసుకుందామన్న ఆసక్తి లేదు. నాకు ఆసక్తే ఎక్కువ.

నాగాయలంక నుంచి ఒకావిడ తన పెళ్ళి క్యాసెట్ తెచ్చింది. బీరువాలో చెమ్మకి బూజు పట్టిపోయింది. వాళ్ళ నాన్న పడవ మీద వేటకెళ్ళే మనిషి, నలుగురిలో నోరు విప్పేవాడు కాదు. కూతురి పెళ్ళిలో మాత్రం లేచి ప్రార్థన అందుకున్నాడట.

"గడియారం చూసినవాళ్ళు ఇరవై రెండు నిమిషాలని ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారండీ. నేను తల వంచుకుని ఏడుస్తున్నా, ఒక్క ముక్క వినలేదు. ఇప్పుడాయన లేరు. ఆ గొంతు ఇంకెక్కడా లేదు," అంది.

బూజు తుడిచాక ఆ టేపు ఒక్కసారి తిరిగితే గొప్పే. ఆ ఒక్కసారిలోనే కంప్యూటర్‌లోకి ఎక్కించాలి. తీరా మా డి డ్రైవ్ ఫ్యాట్ ముప్ఫై రెండు పద్ధతిది, ఏ ఫైలునీ నాలుగు జీబీ దాటనివ్వదు. అంటే మా వీడియోలో పద్దెనిమిది నిమిషాల చిల్లర. అక్కడికి రాగానే కంప్యూటర్ బిగుసుకుపోయేది, మళ్ళీ లేవడానికి ఐదు నిమిషాలు. మామూలు క్యాసెట్ అయితే వెనక్కి తిప్పి, రెండు ముక్కలు చేసి అతికించేవాళ్ళం. దీన్ని మధ్యలో ఆపినా, వెనక్కి తిప్పినా తెగుతుంది. ప్రార్థన మొదట్నించి పట్టుకున్నా చివరి మూడు నాలుగు నిమిషాలు గాలికే.

"పద్దెనిమిది నిమిషాల ప్రార్థన చాల్దేంటమ్మా?" అన్నారు ఓనరు గారు, ఆవిడ వెళ్ళాక నాతో. "చివర్లో ఆమేన్ ఉండాలంతేగా. మొన్నటి పెళ్ళిలోది తీసి అతికిచ్చెయ్."

నాకు ఒళ్ళు మండింది. "మీ నాన్నగారిదైతే వేరేవాళ్ళ గొంతు అతికిస్తారా అండీ?" అన్నాను.

ఆయన ముఖం మాడ్చుకున్నారు. "డ్రైవ్ మార్చాలంటే ఫార్మాట్ కొట్టి అంతా చెరిపెయ్యాలి. అందులో పదకొండు పెళ్ళిళ్ళున్నాయి. ముట్టుకున్నావా, రేపట్నించి రావక్కర్లేదు," అని కెమెరా తీసుకుని బందరులో పెళ్ళికి వెళ్ళిపోయారు.

ఫార్మాట్ అక్కర్లేదని నేను ఆ కంప్యూటర్ హెల్ప్‌లోనే చదివాను. కన్వర్ట్ అనే ఒక్క ఆదేశం ఇస్తే ఫైళ్ళు ఉన్నవి ఉన్నట్టే ఉంటాయి, డ్రైవ్ మాత్రం ఎన్‌టీఎఫ్ఎస్‌కి మారుతుంది. పెద్ద ఫైళ్ళకి అది అడ్డు చెప్పదు. మధ్యలో కరెంటు పోతే మాత్రం అంతా పోవచ్చు. ఆ వారం మాకు పొద్దున కోత. కరెంటు వచ్చేదాకా ఆగి, రాగానే నల్లటి తెరమీద ఆదేశం కొట్టాను. పదకొండు పెళ్ళిళ్ళూ పోతే పదకొండు ఇళ్ళవాళ్ళూ తిడతారు, తిట్టనీ. తెలియనితనానికి బొట్టు పెట్టి దణ్ణం పెట్టమంటే నావల్ల కాదు.

అరగంటలో అయిపోయింది. పెళ్ళిళ్ళన్నీ ఒక్కొక్కటే తెరిచి చూశాను. ఎక్కడివక్కడే ఉన్నాయి. అప్పుడు క్యాసెట్ పెట్టాను.

డ్రైవ్ మార్చానని మర్నాడు ఓనరు గారికి నేనే చెప్పాను.

"రావక్కర్లేదన్నానుగా," అన్నారు.

"ఈ వీడియో ఆవిడ చేతిలో పెట్టి వెళ్తానండీ," అని కుర్చీలోంచి లేవలేదు.

ఆవిడ వచ్చింది. ఓనరు గారు గుమ్మంలో నిలబడ్డారు. తెరమీద ఆ పెద్దాయన పాస్టరు గారి కోసం, వంటవాళ్ళ కోసం, వేటకెళ్ళినవాళ్ళ కోసం, ఆఖరికి బస్సు డ్రైవరు కోసం కూడా ప్రార్థించాడు. ఆ పెళ్ళిలో వెనక ఎవరో విసుగ్గా దగ్గారు. పద్దెనిమిది నిమిషాలు దాటాయి, పంతొమ్మిది దాటాయి. కూతురి మాట ఇంకా రాలేదు. ఇరవయ్యో నిమిషంలో ఆయన గొంతు తగ్గింది.

"ప్రభువా, అందరి కోసం అడిగాను. నేను లేచింది నా బిడ్డ కోసం అడగడానికే. నోరు రాక ఇంతసేపు చుట్టూ తిరిగాను."

ఆ తర్వాత వచ్చిన ఆమేన్ ఆయనదే.