డ్రైవరు నిద్రకు కాపలా

మా పక్క క్వార్టరు జ్యోతిర్మయి గొంతు ఎలా ఉంటుందని ఎవరైనా అడిగితే, ఇన్నేళ్ళుగా ఒకే గోడకి ఇటూ అటూ బతుకుతున్న నేను కూడా నీళ్ళు నమలాల్సిందే. ఆమె మాట్లాడదని కాదు. మాట్లాడేదంతా గుసగుసే.

ఆమె భర్త నాగేంద్ర గూడ్సు బండి డ్రైవరు. ఇప్పుడు లోకో పైలట్ అంటున్నారు. పేరు మారింది గానీ నిద్రలేని బతుకు మారలేదు. రాత్రంతా బొగ్గు బండి లాగి పొద్దున్న వచ్చి పడుకుంటే, మళ్ళీ డ్యూటీకి పిలుపు వచ్చేదాకా ఆ ఇంట్లో చీమ చిటుక్కుమనకూడదు. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో డ్రైవర్లున్న ప్రతి ఇంటికీ ఈ కట్టుబాటు ఉంది. నిద్ర చాలని మనిషి రాత్రి సిగ్నల్ దగ్గర కన్ను మూస్తే ఏమవుతుందో ఇక్కడ ఎవరికీ చెప్పక్కర్లేదు. కానీ జ్యోతిర్మయి పాటించినట్టు పాటించిన మనిషిని నేను చూడలేదు.

పెళ్ళై విజయనగరం నుంచి వచ్చిన కొత్తలో అత్తగారు అప్పలనర్సమ్మ అప్పగించిన పని అది. "ఇంట్లో ఏటి నేకపోయినా ఫర్లేదు గానీ, ఆడి నిద్దర మాత్రం సెడకూడదు" అందట. కోడలు ఆ మాట పట్టుకుంది. ప్రెషర్ కుక్కరు అటకెక్కింది. తలుపు కీళ్ళకి కొబ్బరినూనె పడింది. నీళ్ళు పడే చప్పుడు రాకుండా బకెట్లో గుడ్డ వేసేది. కొడుకు హర్ష ఏడుపు ఎత్తుకుంటే చంకనేసుకుని కాలనీ చివరిదాకా నడిచేది. కూరగాయల బండివాడు మా వీధి మలుపు తిరగ్గానే నోరు కట్టేసుకునేవాడు. నాదేమో పుట్టుకతోనే మైకు గొంతు. గోడ మీంచి "జ్యోతీ!" అని పిలిస్తే చాలు, పెదాల మీద వేలు పెట్టుకుని పరిగెత్తుకొచ్చేది. నాకు ఒళ్ళు మండేది. "మీ ఆయన పడుకుంటే కాలనీ అంతా మూగనోము పట్టాలా?" అని ఒకసారి అడిగేశాను కూడా. నవ్వి ఊరుకుంది. ఆ నవ్వుకీ చప్పుడు లేదు.

ఆమె లెక్కల్లో డిగ్రీ చదివింది. ఏనాడూ ఉద్యోగం చెయ్యలేదు. హర్ష కోనిలో యూనివర్సిటీ హాస్టలుకి వెళ్ళిపోయాక, పిల్లలకి ఆన్‌లైన్లో లెక్కలు చెప్పే సంస్థ ఒకదానికి దరఖాస్తు పెట్టుకుంది. వాళ్ళు ఆదివారం పదకొండింటికి డెమో క్లాసు చెప్పి చూపించమన్నారు. కంప్యూటర్ తెర మీద బొమ్మలు గీస్తూ చెప్పాలి, ఫోన్లో కుదరదు.

"నలబై దాటినాక నన్నెవులు పిలుత్తారు వొదినా? ఇదొక్కటీ అవ్వాల" అంది నాతో. అంత ఆశ ఆ మొహంలో నేనెప్పుడూ చూడలేదు.

ఆదివారం ఆ వేళకి నాగేంద్ర రాయ్‌గఢ్‌లో, బండి దిగిన డ్రైవర్లు పడుకునే రన్నింగ్ రూములో ఉండాలి. రైల్వేలో ఉండాల్సినవాడు ఉండాల్సిన చోట ఎప్పుడున్నాడు గనక! తెల్లారే ఇంటికొచ్చి పడుకున్నాడు.

పదింటికి జ్యోతిర్మయి మా పెరటి గుమ్మంలో నిలబడింది. మొహంలో నెత్తురు చుక్క లేదు. "వొదినా, కంప్యూటరు సచ్చిపోయినాది. ఒక్కసారి రావా?"

నేను తోర్వాలో ఒక స్కూల్లో కంప్యూటర్ ఆపరేటర్ని. వారమంతా అదే చాకిరీ. ఆదివారం మౌసు చూస్తేనే మణికట్టు నొప్పెడుతుంది. మా ఇంట్లో కంప్యూటర్ పెట్టుకోకపోవడానికి కారణం కూడా అదే. గొణుక్కుంటూనే వెళ్ళాను.

సంగతేమిటంటే, పోయిన వారం హర్ష వచ్చినప్పుడు సినిమాలు దించుకోడానికి పెన్‌డ్రైవులో ఏదో డౌన్‌లోడర్ తెచ్చి పెట్టి వెళ్ళాడు. అప్పట్నుంచీ తెర మూల ఒక ప్రకటన లేచి, "బధాయీ హో! ఆప్ జీత్ గయే!" అంటూ, ఏదో బహుమతి గెలిచామని కేకలు పెడుతోంది. పొద్దున్న నాగేంద్ర అలా నడుం వాల్చాడో లేదో, మళ్ళీ అరిచింది. ఈవిడ హడలిపోయి స్పీకరు వైరు పీకేసి, బ్రౌజరు మూసేసింది. అంతే, అది మళ్ళీ తెరుచుకోలేదు. నొక్కితే చిన్న చక్రం కాసేపు తిరిగి మాయమవుతోంది. కంప్యూటర్ ఆపి మళ్ళీ వేసినా ప్రకటన వస్తోంది గానీ బ్రౌజరు రావడం లేదు. ఆ సంస్థవాళ్ళ క్లాసు ఆ బ్రౌజర్లో తప్ప నడవదు.

కంప్యూటర్ హాల్లో ఉంది. పక్కనే పడకగది తలుపు. నేను కూర్చోగానే మౌసు టిక్కుటిక్కుమంటుందని దాని మీద తువ్వాలు కప్పింది. "ఇదేం పిచ్చే!" అనబోతే నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. ఇక సైగలతోనే నడిచింది వ్యవహారమంతా.

ఉన్న ప్రోగ్రాముల జాబితాలో వెతికాను. ఆ డౌన్‌లోడర్ పేరే లేదు. ఎలా ఉంటుంది? అది ఇన్‌స్టాల్ చేసుకునే రకం కాదు, ఫోల్డర్లోంచే నడిచే పోర్టబుల్ రకం. చెప్పాపెట్టకుండా వచ్చి అరుగు మీద పక్క వేసుకున్న చుట్టం లాంటిది. పొమ్మందామంటే తలుపు తీసి రానిచ్చినట్టు దాఖలా ఉండదు. లోపల నడుస్తున్నవన్నీ చూపించే టాస్క్ మేనేజర్ తెరిస్తే అక్కడ దొరికింది. ఏ ఫోల్డర్లో కూర్చుందో చూసి, ఆ ఫోల్డర్ తీసెయ్యబోతే వాడుకలో ఉందంటూ మొండికేసింది. ముందు దాన్ని ఆపి, తర్వాత ఫోల్డర్ చెరిపేశాను. కంప్యూటర్ వెయ్యగానే తనంతట తను లేవడానికి స్టార్టప్‌లో పెట్టుకున్న షార్ట్‌కట్ కూడా పీకేశాను.

అయినా బ్రౌజరు రాలేదు. జ్యోతిర్మయి గోడ గడియారం వైపు, తలుపు వైపు, నా వైపు చూస్తోంది. మళ్ళీ టాస్క్ మేనేజర్లో పైనుంచి కిందికి చూశాను. ఆ దరిద్రపు డౌన్‌లోడర్ తను లేచినప్పుడల్లా బ్రౌజర్ని కూడా తెర వెనక లేపి పెట్టుకుంటోంది. కిటికీ కనపడదు గానీ లోపల అది నడుస్తూనే ఉంది. అది అక్కడుండగా మనం ఎన్ని సార్లు పిలిచినా కొత్తది బయటికి రాదు. దాన్ని కూడా ఆపి, మళ్ళీ నొక్కాను. తెరుచుకుంది! అందులో ఆ డౌన్‌లోడర్ తగిలించిపోయిన ఎక్స్‌టెన్షన్ కూడా తీసేశాను. ఇద్దరం చప్పుడు లేకుండా చేతులు పట్టుకున్నాం. పదకొండు కావస్తోంది.

ఇయర్‌ఫోన్లలో ఒకటి తను పెట్టుకుని రెండోది నాకిచ్చింది. తెర మీద ఒక పెద్దావిడ కనిపించి నమస్తే చెప్పి మొదలుపెట్టమంది. జ్యోతిర్మయి గుండ్రంగా రొట్టె గీసి, దాన్ని భాగాలు చేస్తూ హిందీలో భిన్నాలు చెప్పడం మొదలుపెట్టింది.

"మేడమ్, ఆవాజ్ నహీఁ ఆ రహీ" అంది ఆవిడ. గొంతు వినపడటం లేదట.

నేను మైకు చూశాను. బాగానే ఉంది. అప్పుడు అర్థమైంది, జ్యోతిర్మయి క్లాసు కూడా గుసగుసగానే చెబుతోంది. గట్టిగా చెప్పమని సైగ చేశాను. తల ఊపింది. ఊపిరి పీల్చింది. కళ్ళు తలుపు మీదికి వెళ్ళాయి. నోటి నుంచి మళ్ళీ అదే గుసగుస వచ్చింది. గొంతుకి దారి మర్చిపోయినట్టుంది.

"సారీ మేడమ్. ఐసే తో బచ్చే నహీఁ సున్ పాయేంగే" అంది ఆవిడ. ఇలాగైతే పిల్లలకి వినపడదంది. జ్యోతిర్మయి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అప్పుడే తలుపు తెరుచుకుంది. నూనె పెట్టిన కీళ్ళు కదా, చప్పుడే లేదు. నాగేంద్ర ఎర్రటి కళ్ళతో నిలబడ్డాడు.

"లేపేసినానా?" అంది జ్యోతిర్మయి.

"నిద్దరోతే కదే లేపడానికి" అన్నాడు నీరసంగా. "అంతా ఇంటన్నాను. గట్టిగా సెప్పుకో. ఈ ఇంట్లో నాకు సరిగ్గా నిద్దర పట్టి ఎన్నాళ్ళయిందో. రన్నింగ్ రూములో పక్కోడు గురక పెడతాడు, యార్డులో గోల, ఒళ్ళెరగకుండా పడుకుంటాను. ఇంజను హోరుకి అలవాటైనోణ్ణి. ఇంటికొస్తే ఈ నిశ్శబ్దం ఉన్నాది సూడు, ఎక్కడ ఏ గిన్నె సప్పుడవుతాదో అని నేనే సెవులు రిక్కించుకుని పడుకుంటాను."

"మరి... ఎప్పుడూ సెప్పనేదేటి?"

"నువ్వంత కష్టపడి కాపలా కాత్తంటే ఏటని సెప్పమంటావు? పడుకున్నట్టు కళ్ళు మూసుకునేవోణ్ణి."

జ్యోతిర్మయి కుర్చీలోంచి లేచింది.

"ఒక్క మాట సెప్పడానికి ఏటయింది మీకు? సంటోడు ఏడుత్తంటే ఆడి నోరు నొక్కినాను! నా నోరు నేను కుట్టుకున్నాను! మా అమ్మ పోయిందని ఫోనొస్తే, మీరు పడుకున్నారని పెరట్లోకెల్లి కొంగు నోట్లో కుక్కుకుని ఏడిసినాను! ఇన్నేళ్ళు!"

ఆ కేక వీధి చివరిదాకా వినబడి ఉంటుంది. కాస్త బొంగురుగా, బరువుగా ఉందా గొంతు. నేను వినడం అదే మొదటిసారి. నాగేంద్ర తల వంచుకున్నాడు.

నా చెవిలో ఇయర్‌ఫోన్ కదిలింది. తెగిపోయిందనుకున్న కాల్ తెగలేదు. "హాఁ మేడమ్, అబ్ ఆవాజ్ సాఫ్ ఆ రహీ హై" అంది ఆ పెద్దావిడ, తెలుగు ముక్క అర్థం కాక. "శురూ కీజియే." ఇప్పుడు గొంతు బాగా వినపడుతోందట, మొదలుపెట్టమంటోంది.

జ్యోతిర్మయి కొంగుతో మొహం తుడుచుకుని కూర్చుంది. అదే గొంతుతో, ఆ కోపం ఇంకా చల్లారకుండానే రొట్టెని సగం చేసింది, ఆ సగాన్ని మళ్ళీ సగం చేసింది. మొద్దువాడికి కూడా బుర్రకెక్కేలా చెప్పింది. నాగేంద్ర కాసేపు నిలబడి విని లోపలికి వెళ్ళిపోయాడు. క్లాసు అయ్యాక, వచ్చే సోమవారం నుంచి పిల్లల్ని అప్పగిస్తామంది ఆవిడ. జ్యోతిర్మయి థాంక్స్ చెప్పింది. ఆ మొహంలో సంతోషం కోసం వెతికాను. అలసటే కనిపించింది.

ఇయర్‌ఫోన్ తీశాక మా ఇద్దరికీ ఒకేసారి వినబడింది. పడకగదిలోంచి గురక.

జ్యోతిర్మయి లేచింది. స్టూలు లాక్కుని ఎక్కి అటక మీంచి కుక్కరు దింపింది. మూత రబ్బరు ఎండి చీలిపోయి ఉంది. నేను మా ఇంటికెళ్ళి నా కుక్కరు తెచ్చి పొయ్యి మీద పెట్టాను. ఆమె అందులో పప్పు పడేసింది. ఇద్దరం వంటింటి గుమ్మంలో కూర్చున్నాం.

విజిల్ వచ్చింది. జ్యోతిర్మయి ఉలిక్కిపడి పొయ్యి కట్టెయ్యబోయి, చెయ్యి వెనక్కి తీసుకుంది. లోపల గురక ఆగలేదు. ఇంకో విజిల్ వచ్చింది. అయినా ఆగలేదు.

"సూడు వొదినా, ఎలా పడుకున్నాడో" అంది.

ఆ తర్వాత గుమ్మానికి తల ఆనించుకుని ఏడ్చింది. బిగ్గరగానే ఏడ్చింది.