ఆకుపచ్చ గుడ్డ మీద జరీ మిరపకాయలు

ఇది జరిగి నాలుగేళ్లయినా ఇన్నాళ్లూ రాయలేదు. అప్పటికి నాకు అక్షరాలు రావు. నిరుడు మా కోడలి దగ్గర నేర్చుకున్నాను.

మాది గుంటూరు. జాకెట్లకు మగ్గం వర్క్ చేస్తాను. ఒక మిర్చి వ్యాపారి తన కొత్త క్లబ్బులో, కర్రతో బంతులు కొట్టి ఆడే పూల్ టేబుల్ పెట్టించి, దాని ఆకుపచ్చ గుడ్డ నడిమధ్యన తన కంపెనీ గుర్తయిన రెండు మిరపకాయలను జరీతో కుట్టమన్నారు.

"బంతులు తగులుకుంటాయేమోనండీ. అచ్చు వేయిస్తే సరిపోద్ది," అన్నాను.

"అచ్చు అందరూ వేయిస్తారమ్మా. మాది ఉబ్బెత్తుగా కనపడాలి!"

ప్రారంభం రోజు వచ్చినవాళ్లంతా మిరపకాయలను మెచ్చుకుంటుంటే, "ఐడియా నాదే," అని ఆయన మురిసిపోయారు. ముఖ్య అతిథిగా వచ్చిన నాయకుడు కర్రతో మొదటి దెబ్బ కొట్టారు. తెల్లబంతి దొర్లుకుంటూ వచ్చి మిరపకాయకు తగిలి ఆగిపోయింది. అందరూ వ్యాపారి వైపు చూశారు.

"ఇదిగో, ఈవిడే కుట్టిందండీ!" అని వ్యాపారి నన్ను చూపించారు. పెళ్లి జాకెట్లు ఇచ్చే ఆడవాళ్లంతా అక్కడే ఉన్నారు. ఇక నాకు పని ఎవరిస్తారు?

ఇంతలో నాయకుడి అనుచరుడు అందుకున్నాడు. "ఈ ఏడు మిర్చి రేటు కిందకి దొర్లదన్నమాట సార్!"

చప్పట్లు మోగాయి. "ఐడియా నాదే సార్," అన్నారు వ్యాపారి మళ్లీ. నిమిషం క్రితం తప్పు నాది, ఇప్పుడు గొప్ప ఆయనది.

మర్నాడు పొద్దున్నే నాయకుడి ఇంటి నుంచి కబురొచ్చింది. వాళ్లింట్లో ఉన్న పూల్ టేబుల్ మీద ఆయన ముఖం కుట్టాలట. వెళ్లి, నలుగురి ముందే అడిగాను.

"బంతులు దొర్లాలా, ముఖం కనపడాలా? ఏదో ఒకటి చెప్పండి."

"ముఖమే," అన్నారు నాయకుడు.

సూదిలో దారం ఎక్కించాను.