నూట యాభై రెండో అక్షరం

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. నంద్యాలలో ఒక డిగ్రీ కాలేజీలో బయోకెమిస్ట్రీ చెబుతూ, ఆ కోపాన్నే చాలా ఏళ్లు క్రమశిక్షణ అనుకున్నాను. ఆ భ్రమ వదిలించింది ఆళ్లగడ్డ నుంచి రోజూ బస్సులో వచ్చే ఒక విద్యార్థిని. వాళ్ల నాయన దర్జీ.

చివరి సంవత్సరం ప్రాజెక్టుకు ఆ అమ్మాయి ఒక ఎంజైమును తీసుకుంది. కణం చక్కెరను విరిచి శక్తి తీసుకునే దారిలో నడిమధ్య పనిచేసేది అది. ఒకేలాంటి నాలుగు గొలుసులు కలిసి ముద్దగా ఉంటాయి. ఒక్కో గొలుసు మూడు వందలకు పైగా అమైనో ఆమ్లాల వరుస, ఒక్కోదానికి ఒక్కో అక్షరం గుర్తు. ఆ వరుసలో ఒకచోట ఉండే సిస్టీన్ అనే ఆమ్లమే చక్కెర ముక్కను పట్టుకుంటుంది. అది ఎన్నో స్థానంలో ఉందో చూపించడమే ప్రాజెక్టులో అసలు పని.

ఆమె మనిషి ఎంజైము వరుసను వాళ్ల నాయన కటింగుకు వాడే ఖాకీ కాగితం మీద, సెంటీమీటరుకో అక్షరం చొప్పున రాసింది. మొదటి అక్షరం నుంచి ఆ సిస్టీన్ దాకా ఆయన టేపు పెట్టి కొలిచింది. టేపు నూట యాభైతో అయిపోయింది, ఆపైన ఇంకో రెండు. మొత్తం నూట యాభై రెండు.

నా పుస్తకంలో నూట నలభై తొమ్మిది. ముప్పై మంది ముందర ఆ కాగితం ఎత్తి చూపించాను.

"ఏందీ ఇది? ఎంజైముకు జాకెట్టు కుడ్తాండావా?"

క్లాసంతా గొల్లుమంది. సంఖ్యను ఎర్రపెన్నుతో కొట్టేసి, మార్కులు కోశాను. ఆమె కాగితం మడుచుకొని కూర్చుంది.

నెల తర్వాత వేరే పని మీద ప్రొటీన్ల డేటాబేస్ చూస్తుంటే అసలు సంగతి కనబడింది. మనిషికి నూట యాభై రెండే. సిస్టీన్‌కు అటూ ఇటూ ఉండే అక్షరాలు మనిషిలోనూ కుందేలులోనూ అవే గానీ, నా పుస్తకంలోని సంఖ్య కుందేలుది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లంటారు, నేను పట్టుకున్నది నిజంగా కుందేలునే.

ఆదివారం ఆళ్లగడ్డకు పోయాను. అంగట్లో వాళ్ల నాయన నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, నేను నోరు తెరవకముందే మొదలుపెట్టాడు.

"మా పాప తప్పు కాదు సార్. నా టేపు పాతది, దాంట్లోనే తేడా ఉంటాదని కొత్తది తెచ్చినా."

"టేపులో తేడా లేదన్నా. పాప లెక్కే కరెక్టు. తప్పు నాది" అన్నాను.

మిషను పక్కన కాజాలు కుడుతున్న ఆ అమ్మాయి తల ఎత్తకుండానే అంది:

"నాకు ఆ పొద్దే తెలుసు సార్. బుక్కులో బొమ్మ కింద కుందేలుదని చిన్నగా రాసిండాది."

"మరి ఎందుకు చెప్పలేదమ్మా?"

"అందరి ముందర యాడ చెప్పేది సార్? మిమ్మల్ని చూసి నవ్వుతారు."

"రేపు క్లాసులో నేనే చెప్తా."

"వద్దులే సార్."

మర్యాదకు అన్న మాట అది. ఆ సంగతి నాకూ తెలుసు. అయినా దాన్నే సాకుగా పట్టుకొని నోరు మూసుకున్నాను. మార్కులు మాత్రం గుట్టుగా సరిచేశాను. ఆ ముప్పై మందీ డిగ్రీ ముగించి వెళ్లిపోయారు. వాళ్ల దృష్టిలో తప్పు ఇప్పటికీ ఆ పిల్లదే.