ముందుగా ఒక మాట

మైకు కీచుమంటే హాల్లో అందరూ చెవులు మూసుకుంటారు. నాకు మాత్రం రాజేశ్వరి మేడం గుర్తొస్తుంది. మొన్న పుంగనూరులో టీచర్ల శిక్షణ మొదలుపెడుతూ మైకు తట్టగానే అది చెవి కోసినట్టు అరిచింది. వెంటనే నా వెనకనుంచి, "ఆ గొట్టం పక్కన పెట్టప్పా, దేవుడు నీకు గొంతు ఇయ్యలేదా?" అన్నట్టే వినిపించింది. తిరిగి చూశాను. కుర్చీలు, మంచినీళ్ళ క్యాను, గోడమీద ఆగిపోయిన గడియారం తప్ప ఎవరూ లేరు. మేడం పోయి చాలా కాలమైంది.

పిల్లల మీద లైంగిక హింస జరుగుతోందని అనుమానం కలిగితే చాలు, పోలీసులకు తెలియజేసి తీరాలని చట్టం. ఆ సంగతి బడి టీచర్లకు, నర్సులకు, అంగన్‌వాడీ కార్యకర్తలకు నేర్పడం మేడం ఉద్యోగం. ఆమె పక్కన కూర్చుని ఎలా నేర్పాలో నేర్చుకోవడం అప్పట్లో నా ఉద్యోగం. శిక్షణ అనే మాటలో ముందు శిక్ష ఉందనీ, భోజనాల తర్వాత క్షణం కదలదనీ నాకు మొదట అర్థమైంది. మిగతాది అర్థం కావడానికి ఏళ్ళు పట్టింది. మేడం విసుగు మనిషి. అయితే ఆమె విసుక్కునేది పెద్దవాళ్ళ మీదే. మదనపల్లెలో ఒకాయన లేచి, "మా ఊర్లో ఇట్లాంటివి జరగవు మేడం" అన్నాడు. ఆమె కళ్ళజోడు తీసి తుడుచుకుని, "ఆ ఊరు యాడుండాదో చెప్పు నాయనా, రిటైరైనాక ఆడనే ఇల్లు కట్టుకుంటా" అంది. అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. భోజనాల దగ్గర నాతో, "ప్రతి ఊర్లోనూ ఇదే మాట. జరగని ఊర్లే ఇన్నుంటే ఇంగ జరిగేది యాడప్పా?" అని సాంబారు గరిటె గిన్నెలోకి విసిరేసింది. ఆ సాంబారు నా చొక్కామీద చాలాకాలం మచ్చై ఉంది. అప్పటికి నేను సంపాదించిన అనుభవం అంతే.

అప్పట్లో అదే పుంగనూరులో మేడం పెట్టిన ఒక శిక్షణలో గంగులప్ప సారు పరిచయమయ్యాడు. పెద్దపంజాణి వైపు ఒక బడిలో హెడ్మాస్టరు. ఎవరినీ నొప్పించని మనిషి. చెయ్యెత్తి, "మేడం, కంప్లైంట్ ఇచ్చే ముందు ఆ ఇంటోళ్ళకు ఒక మాట చెప్పొచ్చునా?" అని అడిగాడు. వద్దంది మేడం. విచారణ మన పని కాదనీ, మనం చెప్పామని తెలిస్తే వాళ్ళు పిల్లను దాచేస్తారనీ, భయపెడతారనీ వివరించింది. సారు శ్రద్ధగా తల ఊపాడు. మా వైపు తల ఊపడమంటే ఒప్పుకోవడం కాదు, వినపడిందని చెప్పడం. ఎవరి మీదైనా ఫిర్యాదు చేయడంకన్నా, చెప్పకుండా చేయడమే మా దగ్గర పెద్ద తప్పు. పక్కింటి గొడ్డు మన చేలో పడినా సరే, ముందు ఆ ఇంటి గడప దగ్గర నిలబడి ఒక మాట చెప్పి రావాలి.

కొన్ని వారాల తర్వాత మేమిద్దరం కుప్పంలో ఉన్నాం. నర్సులకు పాఠం సగంలో ఉండగా సారు ఫోను చేశాడు. చేతులకు సుద్దపొడి ఉందని మేడం స్పీకరు పెట్టించింది. సారు గొంతు ఉత్సాహంగా ఉంది. ఆరో తరగతి పాప ఒకతె బడి వదిలినా ఇంటికి పోవడం లేదట, చిన్నాన్నంటే భయమని టీచరమ్మతో చెప్పి ఏడ్చిందట.

"మీరు చెప్పినట్లే చేస్తాండా మేడం. నిన్న సాయంత్రం వాళ్ళింటికి పొయ్యి, ఇట్ల పోలీసులకు చెప్పాల్సొస్తాది, రూలు అట్లుండాది, తప్పుగా అనుకోవద్దప్పా అని మర్యాదగా చెప్పొచ్చినా."

మేడం కళ్ళు మూసుకుంది. "వాళ్ళేమన్నారు సార్?"

"చానా మంచోళ్ళు మేడం. కాఫీ గూడా ఇచ్చిరి."

"ఇయ్యాల పాప బడికొచ్చిందా?"

"లేదు మేడం. ఊరికి పంపిచ్చినారంట."

"ఏ ఊరికి?"

"అది చెప్పలేదు మేడం. అడిగితే బాగుండదని..."

నర్సులంతా చూస్తుండగా మేడం కుర్చీలో కూలబడింది. తిట్టలేదు. "సార్, ఈ ఫోన్ పెట్టేసి ఇప్పుడే పోలీసులకు చెయ్యండి. పాప చెప్పింది మీ బడిలో. నేను చెప్తే అది విన్న మాటైతాది" అంది.

"నా పేరు బయటికి రాదు గదా మేడం?"

"పాప పేరు బయటికి రాకూడదని నేర్పిస్తి సార్. మీరు మీ పేరు నేర్చుకుంటిరి."

సారు ఫోను చేశాడు. పాప కొన్నాళ్ళకు రాష్ట్ర సరిహద్దు అవతల బంధువుల ఇంట్లో దొరికింది. దొరికింది గానీ, ఎవరు ఏమడిగినా ఒకే జవాబు చెప్పింది: ఏమీ జరగలేదు, బడి ఎగ్గొట్టాలని అబద్ధం చెప్పినా. పద్యం అప్పజెప్పినట్టు, ప్రతిసారీ అవే మాటలు. అధికారులు ఆమెను వెంటనే ఆ ఇంటికి పంపలేదు, హాస్టల్లో ఉంచారు. కేసు మాత్రం నిలబడలేదు. ఆ సంగతి తెలిసిన రోజు మా బస్సు పలమనేరు దాటాక, మేడం కిటికీలోంచి బయటికి చూస్తూ, "మనం దినమంతా అరిచినా ఒక్క సారుకు ఎక్కల్యా. వాళ్ళు నాలుగు దినాల్లో పసిబిడ్డకు ఎట్ల నేర్పించినారో సూడు. మనకంటే మంచి ట్రైనర్లప్పా వాళ్ళు" అంది. ఆమె విసుగులో ఎప్పుడూ ఒక వెటకారం ఉండేది. ఆ రోజు లేదు.

ఇప్పుడు ఆ పాఠం నేను చెబుతున్నాను. ఈ కథ చెప్పి, తలలన్నీ ఊగాక, చివర్లో ఎవరో ఒకరు చెయ్యెత్తి, "అయినా సార్, ముందుగా ఒక మాట..." అంటారు. నాకు మేడం విసుగంతా వారసత్వంగా వచ్చింది, ఆమె గొంతే రాలేదు.

పోయిన ఏడాది మదనపల్లెలో మా ఇంటి ఓనరు మనవడి విషయంలో నాకు అలాంటి అనుమానమే కలిగింది. ఆ పిల్లవాడు వాళ్ళింట్లో ఉండే ఒక బంధువును చూస్తే మా మెట్లకింద దాక్కునేవాడు. ఓనరు పెద్దమనిషి. నాకు జ్వరమొస్తే గంజి పంపిన ఇల్లు అది. ఫోను పట్టుకున్నాక నా కాళ్ళు రెండుసార్లు వాళ్ళ గుమ్మం వైపే తిరిగాయి. ఆ మాటకొస్తే నేనూ గంగులప్ప సారు లాంటి ఊర్లో పెరిగినవాడినే. వెళ్ళలేదు. తలుపు వేసుకుని పోలీసులకు చెప్పాను.

తర్వాత ఓనరు గేటు దగ్గర నన్ను ఆపి, "మా ఇంటిది ఇంత తిన్నోనివి, ముందుగా ఒక మాట చెప్పింటే ఏం పొయ్యేదప్పా?" అన్నాడు. ఆయన గొంతులో కోపంకన్నా నొప్పే ఎక్కువ. ఇల్లు ఖాళీ చేయమన్నాడు, చేశాను. ఆ పిల్లవాడు మాత్రం అడిగినవాళ్ళకు జరిగినదంతా తడబడుతూ, వెనకదీ ముందుదీ కలిపేస్తూ, తన మాటల్లో చెప్పుకున్నాడు. ఇంకెవరూ నేర్పకముందే.